మన బడి మీద పరిశోధన మనమే చేయాలి – రికార్డు ఫైలు కోసం కాదు

పోస్టు కాస్త పెద్దదే. డీఎడ్, బీఎడ్ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మాత్రం చివరిదాకా చదవండి. ఈ మాట ముందుగా మీతోనే.

మన కొండల మీద పరిశోధన కొత్తేం కాదు. అరకు, డుంబ్రిగుడ, పెదబయలు, ముంచంగిపుట్టు ఊళ్లకి ఎవరెవరో వచ్చారు. కాగితాలు నింపుకున్నారు, థింసా ఆడించి ఫొటోలు తీసుకున్నారు, వెళ్లిపోయారు. పట్టాలు వాళ్లకి వచ్చాయి. మన పిల్లలకి మిగిలింది ఒక్క మాట: "ఏజెన్సీ పిల్లలకి చదువు ఎక్కదు." ఈ మాట స్టాఫ్ రూముల్లో వింటున్నాం, ఆఫీసుల్లో వింటున్నాం, ఒక్కోసారి మనవాళ్ల నోటి నుంచే వింటున్నాం. ఇది అబద్ధం. కానీ అబద్ధం అని అరిస్తే సరిపోదు, చూపించాలి. అలా చూపించడానికి మన చేతిలో ఉన్న పద్ధతే యాక్షన్ రీసెర్చ్. మన టెక్స్ట్ పుస్తకాల్లో చర్యాత్మక పరిశోధన అని రాస్తారే, అదే.

ఆ పేరు వినగానే మీకు ఏం గుర్తొస్తుందో నాకు తెలుసు. రికార్డు! సీనియర్ దగ్గర పాత ఫైలు అడిగి తెచ్చుకోవడం, బడి పేరు మార్చడం, "3వ తరగతి విద్యార్థులు తీసివేతలో చేయు దోషాలు – నివారణ" అని అట్ట మీద రంగు పెన్నుతో రాయడం, స్కేలు పెట్టి మార్జిన్లు గీయడం. ఆ పిల్లలు లేరు, ఆ దోషాలు ఎవరూ చూడలేదు, నివారణ అసలే జరగలేదు. మార్కులు మాత్రం పడ్డాయి. నాగలి చేతికిచ్చి దున్నమనకుండా నాగలి బొమ్మ గీయమన్నట్టుంది ఈ వ్యవహారం. చెప్పేవాళ్లకీ పట్టదు, రాసేవాళ్లకీ పట్టదు. మిగతావాళ్ల సంగతి వదిలేద్దాం. మన పిల్లల బతుకు బడిలో తేలిపోతుంటే మనం కూడా ఈ నాటకం ఆడటం తప్పు.

అసలు ఈ పద్ధతి ఎవరి కోసం పుట్టిందో చూడండి. హిట్లర్ వచ్చాక జర్మనీ వదిలి 1933లో అమెరికా చేరిన యూదు శాస్త్రవేత్త కర్ట్ లెవిన్. 1946లో ఆయన రాసిన వ్యాసం పేరులోనే యాక్షన్ రీసెర్చ్ ఉంది, పక్కనే మైనారిటీల సమస్యలు అనీ ఉంది. ఆయన చెప్పిన పద్ధతి నాలుగు ముక్కల్లో: ఒక పని ఆలోచించు, చేసి చూడు, ఏమైందో లెక్క పెట్టు, దాన్ని బట్టి మళ్లీ మార్చు. వివక్ష మధ్య బతికే జనం కోసం మొదలైన పద్ధతి మన దగ్గరికి వచ్చేసరికి జిరాక్స్ షాపు సరుకైపోయింది.

మన తూర్పు కనుమల్లో అయితే ఈ పేరు పుట్టకముందే ఆ పని జరిగింది. గిడుగు రామమూర్తి గారిని వాడుక భాష కోసం ఆగస్టు 29న అందరూ తలుచుకుంటారు. పర్లాకిమిడిలో టీచరుగా ఉండగా ఆయన సవర భాష నేర్చుకున్నారని, సవర పిల్లలకి వాళ్ల భాషలోనే చెప్పే బళ్లు పెట్టారని, వాచకాలు తయారుచేశారని ఎంతమంది చెప్తారు? 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. 1936లో సవర మనిషే అయిన మంగేయి గొమాంగో తన భాషకి సొరంగ్ సొంపెంగ్ అనే లిపి తయారుచేశాడు. అటు ఆదిలాబాద్‌లో, కొమురం భీమ్ పోరాటం తర్వాత, హైమండార్ఫ్ చొరవతో 1943లో మార్లవాయిలో గోండు యువకులనే టీచర్లుగా తయారుచేసే కేంద్రం మొదలైంది. పిల్లలకి గోండి వాచకాలు ఇచ్చారు. వీళ్లెవరూ "పిల్లలకి ఎక్కదు" అనలేదు. చెప్పే తీరు మార్చి చూశారు.

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వమే మాతృభాషల్లో చదువు మొదలుపెట్టింది. సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా, కోయ, గోండి, కొలామి, బంజారా – మొత్తం ఎనిమిది భాషల్లో వాచకాలు వచ్చాయి. మంచి పని. ఇప్పుడు మీ ఊరి బడి బీరువా తెరిచి చూడండి. ఆ పుస్తకాలు ఉన్నాయా? ఉంటే ఎవరైనా తెరుస్తున్నారా? ప్రభుత్వం ఇచ్చింది, తర్వాత పట్టించుకోలేదు అని తిట్టుకుంటాం. సరే, తిట్టుకోవాల్సిందే. మరి ఆ పుస్తకంతో చెప్పినప్పుడు మన పిల్లలు ఎంత నేర్చుకున్నారు, అది లేనప్పుడు ఎంత నేర్చుకున్నారు అనే లెక్క ఊరి దగ్గర ఉండుంటే, దాన్ని అంత తేలిగ్గా మూలన పడేసేవాళ్లా?

లెక్క ఎందుకో ఇంకా గట్టిగా చెప్పాలంటే జీవో నంబర్ 3 గుర్తుచేసుకోండి. 2000 జనవరి 10న వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంత బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అంది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. ఆదివాసీలకి ఆదివాసీలే చెప్పాలనడం సరికాదు, అక్కడుండే మిగతావాళ్లు ఎందుకు చెప్పకూడదు అని అడిగింది. మనం బాధపడ్డాం, రోడ్డెక్కాం, బంద్‌లు చేశాం. అవి చేయాల్సినవే. కానీ ఆ "ఎందుకు" అనే ప్రశ్న రేపు కూడా వస్తుంది. దానికి జవాబు నినాదంలో ఉండదు, ఒకటో తరగతి గదిలో ఉంటుంది. ఇంట్లో "పాణి" అనే ఆదివాసీ ఒరియా పిల్ల, బడిలో "నీళ్లు" అనే మాట ముందు నోరు తెరవకుండా కూర్చుంటుంది. ఆ పిల్లకి ఏం తెలియదా, లేక ఏం అడిగారో తెలియలేదా? దీనికి రుజువు తేవాల్సింది ఢిల్లీ నుంచి వచ్చే కమిటీ కాదు, మనం.

ఎలా తేవాలి? పెద్ద చదువు అక్కర్లేదు. మీ ఊరి మూడో తరగతిలో ఇరవై మంది ఉన్నారనుకోండి. ఐదు చిన్న నోటి లెక్కలు తీసుకోండి. ఒక్కొక్కరినీ విడిగా, ఒకరోజు తెలుగులో అడగండి. కొన్నాళ్లాగి అలాంటివే ఐదు, ఇంటి భాషలో అడగండి. రెండోసారి అలవాటైపోయిందనే మాట రాకుండా, సగం మందికి ముందు ఇంటి భాషతో మొదలుపెట్టండి. ఎవరు ఏది చెప్పారో నోట్‌బుక్‌లో రాయండి. తేడా కనిపిస్తే నెల రోజులపాటు ఒక్కటే మార్చండి: కొత్త పాఠం ముందు ఇంటి భాషలో చెప్పి, తర్వాత తెలుగులోకి రండి. నెలాఖరున మళ్లీ అడిగి రాయండి. అంతే, ఒక చుట్టు పూర్తయింది.

ఇంకో ప్రశ్న కావాలంటే హాజరు. రిజిస్టరులో సంత రోజులు వేరుగా, కాఫీ పండ్లు కోసే నెలలు వేరుగా, ఇటుకల పండుగ రోజులు వేరుగా లెక్క తీయండి. ఎవరు రావట్లేదు? ఆడపిల్లలా, తమ్ముణ్ణి చూసుకునే అక్కలా, వాగు అవతలి ఊరివాళ్లా? ఇంటికెళ్లి అడగండి. "తల్లిదండ్రులకి శ్రద్ధ లేదు" అనే రెడీమేడ్ జవాబు రాసుకుని వెళ్లకండి.

మూడు నియమాలు మాత్రం తప్పొద్దు. పిల్లల ఫొటోలు, పేర్లు ఎక్కడా పెట్టొద్దు. టీచరుని పట్టించడానికి చేస్తున్నామన్నట్టు వెళ్లొద్దు. సీఆర్‌టీ అయినా, రెగ్యులర్ అయినా, ముందే చెప్పి, కలుపుకుని చేయండి. వచ్చిన లెక్క ముందు ఊళ్లోవాళ్లకి చెప్పండి, తర్వాతే గ్రూపుల్లో పెట్టండి. మన మీద వచ్చిన పరిశోధనలు మనకి చెప్పకుండా పోయాయని కోప్పడి, మనమూ అదే చేస్తే ఎలా?

కొందరు అన్నలు అంటున్న మాట ఒకటుంది. "పోస్టులు ఖాళీగా ఉన్నాయి, గదులు కారుతున్నాయి, ఒక టీచరు ఐదు తరగతులు చూస్తున్నాడు. ముందు అవి అడగకుండా ఈ నోట్‌బుక్ గోలేంటి? ప్రభుత్వం తప్పు టీచరు మీదకి నెట్టడానికి ఇదో ఎత్తు." ఈ అనుమానం సరైనదే. ఎక్కడ చూసినా ఇలాగే జరుగుతోంది: పై నుంచి ఏమీ ఇవ్వరు, కింద మాత్రం వినూత్నంగా ఆలోచించమంటారు. కానీ అన్నా, మనం నిజాయితీగా చేసిన ప్రయత్నం ఫలించకపోతే అది కూడా రుజువే. పద్ధతి మార్చాం, నెల రోజులు చెప్పాం, ఐదు తరగతులు ఒక్కరే చూడటం వల్ల మూడో తరగతికి రోజుకి ఇన్ని నిమిషాలే దక్కాయి అని తేదీలతో రాసిన పేజీ ముందు ఏ అధికారీ "పిల్లలకి ఎక్కదు" అనలేడు. టీచరు తప్పేదో, బడి తప్పేదో, ప్రభుత్వం తప్పేదో విడదీసి చూపించేది ఆ పేజీయే.

ఆ పేజీ ఎక్కడ పెట్టాలో చట్టమే చెప్పింది. 2009 విద్యా హక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. 29వ సెక్షన్ సాధ్యమైనంత వరకు బోధన పిల్లల మాతృభాషలో ఉండాలంటోంది. భాషా మైనారిటీ పిల్లలకి ప్రాథమిక చదువు సొంత భాషలో అందే సౌకర్యం కల్పించడానికి రాజ్యాంగంలో 350ఏ ఉంది. సంతకాల కోసం మాత్రమే పిలిచే కమిటీ మీటింగులో మన అమ్మలు ఆ నోట్‌బుక్ తెరిచి, వాళ్ల భాషలోనే చదివించి, తీర్మానం రాయించాలి. ఆ కాపీ పాడేరు ఐటీడీఏకి వెళ్లాలి. ఒక ఊరు పంపితే ఫైల్లో కలిసిపోతుంది. పాడేరు డివిజన్ పదకొండు మండలాల నుంచీ ఒకే ప్రశ్న మీద వస్తే కలపడం కష్టం.

కాబట్టి బీఎడ్, డీఎడ్ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి రికార్డు కొనొద్దు, కాపీ కొట్టొద్దు. మీ ఊరి బడి, ఒక్క తరగతి, ఒక్క ప్రశ్న, ఒక్క నెల. ఉద్యోగం వచ్చి బడిలో ఉన్న అన్నలు, అక్కలు తలుపు తెరిచి వాళ్లని రానివ్వండి. కింద కామెంట్లో "జై ఆదివాసీ" అని మాత్రమే రాసి వెళ్లిపోకండి. మీ మండలం పేరు, మీరు తీసుకునే ప్రశ్న రాయండి. ఒకే ప్రశ్న తీసుకున్నవాళ్లందరం ఒకచోట కూర్చుందాం.

జై ఆదివాసీ!