డెక్కు మీది మనుషుల కోసం ఒక నవల

హైదరాబాద్ పాతబస్తీలోని హుస్సేనీ ఆలంకు సముద్రంతో పనేమిటని అనిపించవచ్చు. కుతుబ్‌షాహీల కాలంలో ఇరాన్ పండితులు, వర్తకులు ఓడల్లో మచిలీపట్నం రేవుకు వచ్చి, అక్కడి నుంచి గోల్కొండ చేరేవారు. వర్తకుల కొలువులో బతుకు మొదలుపెట్టిన మీర్ జుమ్లా ఇక్కడే పెద్ద పదవికెక్కి సొంత ఓడలు నడిపాడు. ఈ పేటకు పేరిచ్చిన ఆలం అనే పీరు, దాని చుట్టూ అల్లుకున్న మొహర్రం ఆ రాకపోకల ఊపులో పెరిగినవే.

ఆ తర్వాతి కథ హజ్ ఓడలది. విమానాలు రాకముందు పాతబస్తీ హాజీలు రైల్లో బొంబాయి వెళ్లి, ముసాఫిర్‌ఖానా అనే యాత్రికుల సత్రంలో పడిగాపులు కాసి, జిద్దా ఓడ ఎక్కేవాళ్లు. బొంబాయి నుంచి ఆ ఓడలు 1995 దాకా నడిచాయి. డబ్బున్నవాళ్లకు క్యాబిన్లు, లేనివాళ్లకు డెక్కు. పాత రోజుల్లో డెక్కు మీదివాళ్లు పరుపుచుట్టకూ ట్రంకుపెట్టెకూ మధ్య ఒదిగి కూర్చుని, తమ వంట తామే వండుకునేవాళ్లు. మక్కా యాత్రకు హద్దైన యలమ్‌లమ్ దగ్గరపడగానే మగవాళ్లందరూ ఇహ్రాం ధరించాలి. కుట్టులేని రెండు తెల్లగుడ్డలు, అంతే. నవాబెవరో నౌకరెవరో బట్టలు చూసి చెప్పలేం. నమాజు ముగిశాక మాత్రం ఒకరు క్యాబిన్‌కు, మరొకరు డెక్కు మీదికి వెళ్లాల్సిందే. మర్నాడు మంచినీళ్ల దగ్గర ఆ ఇద్దరూ ఎదురుపడితే ఏమవుతుంది? నవల మొదలవాల్సింది అక్కడే.

1980లో బుకర్ బహుమతి పొందిన విలియం గోల్డింగ్ నవల ‘రైట్స్ ఆఫ్ పాసేజ్’లో ఓడ మీద ఒక తెల్లగీత ఉంటుంది. పెద్దమనుషులు ఇవతల, సామాన్యులు అవతల. ఆ గీత దాటి వెళ్లిన ఒక మతగురువు అవమానభారంతో ప్రాణమే విడుస్తాడు. అమితవ్ ఘోష్ ‘సీ ఆఫ్ పాపీస్’లో ఆస్తి పోయిన జమీందారు ఖైదీగా, ఆధిపత్య కులపు వితంతువు కూలీగా ఒకే ఓడలో మారిషస్‌కు పయనమవుతారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని మనవాళ్లు ఒక్క ముక్కలో తేల్చేసిన మనిషి గుణాన్ని ఈ నవలలు వందల పేజీల్లో నిదానంగా విప్పి చూపిస్తాయి. నేల మీద హోదాకు నవాబుల దేవడీ గోడలు కాపలా. నడిసముద్రంలో వాంతులకు, దాహానికి, చావుకు ఆ గోడలు అడ్డు రావు.

తెలుగువాళ్లకు ఇలాంటి ప్రయాణాలు కొత్త కాదు. 1860 అక్టోబరులో మద్రాసులో బయల్దేరి నవంబరు 16న డర్బన్ చేరిన ‘ట్రూరో’ ఓడలో తెలుగు కూలీలూ ఉన్నారు. అలాంటి ఓడల జాబితాల్లో ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, చివరికి ఒంటి మీది పుట్టుమచ్చ దాకా రాసి పెట్టారు. వాళ్లు పక్కపక్కన కూర్చుని అన్నం ఎలా తిన్నారో, కులాన్ని ఎక్కడ వదిలారో, ఎక్కడ మళ్లీ తొడుక్కున్నారో ఆ కాగితాలు చెప్పవు. అది చెప్పాల్సింది నవలాకారుడే.

తెలుగు చారిత్రక నవల కోటలనూ యుద్ధాలనూ తనివితీరా చూసింది. ఇప్పుడు ఓడ ఎక్కాలి. డెక్కు మీద హజ్‌కు వెళ్లొచ్చిన పెద్దలు పాతబస్తీ గల్లీల్లో ఇంకా ఉన్నారు. రచయితలు ఉర్దూ తెలిసిన మిత్రుణ్ణి వెంటబెట్టుకుని ఈ ఏడే వెళ్లి వాళ్ల మాటలు రాసుకోవాలి. కాగితాలు ఇంకొన్నాళ్లు ఆగుతాయి, ఆ పెద్దల వయసు ఆగదు.