ఈ చక్రం ఏ కారుది?

చెన్నై–కోల్‌కతా రహదారి మీద మా తడ వంటి ఊళ్లో, పాత ఇనుము కొనే దుకాణంలో చువ్వల మోటారు చక్రం ఒకటి కనబడిందనుకోండి. తూకానికి పోయేలోగా ఒక్కసారి పరీక్షించండి.

ముందు నడుమ చూడండి. బోల్టు కన్నాలు లేక, లోపల పళ్లు పళ్లుగా గాళ్లుంటే, అది ఒకే పెద్ద నట్టుతో బిగించే రడ్జ్-విట్‌వర్త్ తరహా. ఐదు బోల్టు కన్నాలుండి, చువ్వలు వెల్డింగుతో అతికి ఉంటే ఫోర్డు ‘ఏ’ మోడలుది కావచ్చు. అప్పుడు టైరు కూర్చునే చోట అడ్డకొలత తియ్యండి: 21 అంగుళాలైతే 1928–29, 19 అయితే 1930–31. బండి చక్రానికి ఆకులు లెక్కపెట్టినట్టే చువ్వలూ లెక్కపెట్టి రాసుకోండి.

ఎక్కడో ఒక పాతకారు మూడు చక్రాలతో నిలబడి, నాలుగోదాని కోసం ఎదురుచూస్తూ ఉండవచ్చు. కరిగిపోయాక ఏ చక్రమైనా ఒట్టి ఇనుమే గదా!