సీసా గోధుమరంగుకు తిరిగే దాకా

పోయిన చలికాలం ప్రతాపసింగారం దగ్గర మూసీ ఒడ్డున గడ్డి కోస్తున్న ఒక పెద్దమ్మ మమ్మల్ని ఒక మాట అడిగింది. అప్పుడు మేం డిగ్రీ ప్రాజెక్టు కోసం నీళ్లు పట్టుకుంటున్నాం. "నీళ్లల్ల దిగితే కాళ్లు దురద పెడ్తయి బిడ్డా, పుండ్లయితయి. మీరు గిట్ల రాసుకొని పోతరు. మల్లొస్తరా?" వస్తామన్నాం. వెళ్లలేదు. ప్రాజెక్టుకు మార్కులు పడ్డాయి, రిపోర్టు బీరువాలో చేరింది. ఆమె మాట మాత్రం మాలో ఎవరినీ నిద్రపోనివ్వలేదు. ఈ ప్రణాళిక ఆమెకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు.

మేం హైదరాబాద్ విద్యార్థులం. కెమిస్ట్రీ, సివిల్, జువాలజీ, తెలుగు, జర్నలిజం చదివేవాళ్లం ఇందులో ఉన్నాం. మా సంఘానికి పేరు ఇంకా పెట్టుకోలేదు. పని మాత్రం ఖాయం చేసుకున్నాం. గండిపేట దిగువన, బాపూఘాట్, పురానాపూల్, చాదర్‌ఘాట్, అంబర్‌పేట, నాగోల్, ప్రతాపసింగారం: ఈ ఏడుచోట్ల, ఏడు జట్లుగా, నెలకు రెండు ఆదివారాలు, ఒకే వేళకు నీళ్లు పట్టి పరీక్షిస్తాం. మూసీ ప్రక్షాళన ఎన్నేళ్లు సాగితే అన్నేళ్లూ పరీక్షిస్తాం. మేం పాసై వెళ్లిపోయేటప్పుడు సీసాలూ రిజిస్టరూ జూనియర్ల చేతిలో పెట్టి వెళ్తాం.

మూసీని బాగుచేస్తామన్న మాట ఈ నగరం చాలాసార్లు వింది. 2017లో మూసీ రివర్‌ఫ్రంట్ కార్పొరేషన్ పెట్టారు. 2021లో 3,866 కోట్లతో 31 కొత్త మురుగు శుద్ధి కేంద్రాలకు అనుమతులిచ్చారు. ఆ కేంద్రాలు కావాలి, అందులో మాకు రెండో మాట లేదు. కానీ కోట్ల లెక్క కాంట్రాక్టరుకు పనికొస్తుంది, నదికి వేరే లెక్క ఉంది. మనుషులు స్నానం చేయదగ్గ నది అనిపించుకోవాలంటే లీటరు నీటిలో కనీసం 5 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉండాలి, బీఓడీ, అంటే నీటిలోని మురుగు కుళ్లుతూ మింగేసే ఆక్సిజన్, 3 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇది కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన కొలత. మేం పట్టుకుని కూర్చునేది ఆ కొలతనే.

ఆ ఆక్సిజన్‌ను కళ్లతో చూడొచ్చు. గాజు సీసాను గాలి బుడగ మిగలకుండా నింపి, మాంగనీస్ సల్ఫేట్, ఆ తర్వాత క్షారం కలిసిన అయోడైడ్ వేసి మూత బిగించి తలకిందులు చేస్తే లోపల మబ్బులాంటి మడ్డి ఏర్పడుతుంది. నీటిలో ఆక్సిజన్ ఉంటే ఆ మడ్డి గోధుమరంగుకు తిరుగుతుంది. లేకపోతే తెల్లగా ఉండిపోతుంది. గండిపేట నీళ్లు తాగినవాళ్లకు ఈ ఊరు విడిచిపోబుద్ధి కాదని పెద్దలంటారు. ప్రాజెక్టు రోజుల్లో ఆ గండిపేట దిగువన పట్టిన సీసా మా కళ్ల ముందే గోధుమరంగుకు తిరిగింది. చాదర్‌ఘాట్ సీసా తెల్లగా ఉండిపోయింది. ఎంత ఊపినా తెల్లగానే ఉంది. ఒక నది ఊపిరాడకుండా ఉందంటే ఎలా ఉంటుందో మాకు ఆ రోజు తెలిసింది.

తప్పులూ చేశాం. మొదటి రోజు వంతెన మీంచి బకెట్‌ను దభీమని పడేశాం. అలా పడేస్తే బయటి గాలి నీళ్లలో కలిసి, లేని ఆక్సిజన్ ఉన్నట్టు లెక్క వస్తుంది. ఆ రోజు అంకెలన్నీ కొట్టేశాం. ఇప్పుడు తాడును మెల్లగా వదిలి, పైకి తీశాక సన్నటి రబ్బరు గొట్టంతో సీసా అడుగు నుంచి నింపుతున్నాం. కొట్టేసిన అంకెలు రిజిస్టరులో అలాగే కనబడాలి, ఎందుకు కొట్టేశామో పక్కన రాసి ఉండాలి. మాకు నచ్చే అంకె కోసం ఎవరైనా చుక్క అటూ ఇటూ చేస్తే వాళ్లకు మాలో చోటు లేదు. ఒక కార్యాలయంలో మా రిపోర్టు చూపిస్తే, పిల్లల లెక్కలకు విలువేముంటుందన్నారు. పద్ధతి తప్పని లెక్క ఎవరు చేసినా లెక్కే.

నాలాల సంగతి గట్టిగా చెప్పాలి. అంబర్‌పేటలోని పాత మురుగు శుద్ధి కేంద్రం సామర్థ్యం రోజుకు 339 మిలియన్ లీటర్లు. దాని గొట్టం చివర నీళ్లు ఎంత బాగున్నా, దాని దాకా పోకుండా నేరుగా మూసీలో పడే మురుగు పడుతూనే ఉంటే నది రంగు మారదు. అందుకే మేం కేంద్రం గేటు దగ్గర ఆగం. నాలా కలిసే చోటుకు పైన ఒక సీసా, కింద ఒక సీసా పడతాం. 2024లో నదీగర్భంలో ఉన్నాయని అధికారులు ఇళ్ల గోడల మీద ఎర్రరంగుతో ఆర్‌బీ-ఎక్స్ అని రాశారు. రెక్కల కష్టంతో కట్టుకున్న గోడల మీద ఆ రాత చూసి తల్లులు ఏడ్చారు. వాళ్లు ఇళ్లకు గుర్తు వేస్తే, మురుగు మోసుకొచ్చే ప్రతి నాలాకూ మేం ఒక నంబరు వేస్తాం, అది ఏ కాలనీల నుంచి, ఏ ఫ్యాక్టరీల పక్క నుంచి వస్తోందో నడిచి చూసి రాస్తాం. మూసీని చంపింది దాని ఒడ్డున బతికే పేదలేనన్న మాట అప్పుడు నిలుస్తుందో లేదో అందరూ చూస్తారు.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని తీసుకుపోయింది. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి దాదాపు నూట యాభై మంది బతికారు. ఆ తర్వాత వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ముందుగా పైనున్న చెరువులెన్ని, తెగినవెన్ని అని లెక్క తీసి, ఆపైన జలాశయాలకు ప్రణాళిక ఇచ్చారు. ఉస్మాన్‌సాగర్ (గండిపేట), హిమాయత్‌సాగర్ అనే జంట జలాశయాలు అలా వచ్చాయి. లెక్క చూసుకుని పని మొదలుపెట్టడం ఈ నదికి కొత్తేమీ కాదు.

నగరం దాటాక మూసీ ఆగిపోదు. కత్వల (చిన్న ఆనకట్టల) మీద నురగలు కక్కుతూ నల్లగొండ వైపు పొలాల్లోకి పారుతుంది, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ నీళ్లతో పెరిగిన గడ్డి నగరంలోని బర్రెల కొట్టాలకు వస్తుంది, ఆకుకూరలు మన బజార్లకు వస్తాయి. అందుకే మా రిజిస్టరులో ఎడమ పేజీ అంకెలకు, కుడి పేజీ ఒడ్డు మనుషుల మాటలకు. వాళ్ల మాట వాళ్ల యాసలోనే రాస్తాం, దిద్దం. ప్రతి నెలా రెండు పేజీలూ పెద్ద అక్షరాలతో రాసి నీళ్లు పట్టినచోటే గోడకు అంటిస్తాం. ఒక ప్రతి జలమండలికి, ఒకటి కాలుష్య నియంత్రణ మండలికి ఇచ్చి రసీదు తీసుకుంటాం. ఏ పార్టీ డబ్బూ, ఏ కంపెనీ డబ్బూ ముట్టం.

ఎవరూ నదిలో దిగకూడదు. ఒంటరిగా వెళ్లకూడదు. జంట జలాశయాల గేట్లు ఎత్తిన రోజు ఒడ్డుకే పోకూడదు.

వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి ఏడుచోట్లా మొదటి సీసాలు నింపుతున్నాం. పాత బూట్లు, మోచేతుల దాకా వచ్చే రబ్బరు గ్లవ్స్, తాగడానికి ఇంటి నుంచి నీళ్లు తెచ్చుకోండి. ప్రతాపసింగారం జట్టు ఆరింటికల్లా అక్కడ ఉండాలి. ఎండెక్కితే గడ్డి కోసేవాళ్లు మోపులెత్తుకుని వెళ్లిపోతారు.