చందమామ గురించి పిల్లలకు ఏం చెప్పాలి?

గాజువాక నుండి ఒక సోదరి మాకు రెండు ప్రశ్నలు పంపారు. రెండూ ఆమెవి కావు, ఆమె ఏడేళ్ళ కుమారునివి. ఆ అబ్బాయి తండ్రి దుబాయిలో పని చేస్తారు. ఈద్ నాడు ఆయన ఫోనులో ముబారక్ చెబుతున్న సమయానికి ఇక్కడ ఇంటిల్లిపాదీ ఇంకా రోజాతో ఉన్నారు. "అబ్బాకు వేరే చందమామ ఉందా అమ్మీ?" అన్నది మొదటి ప్రశ్న. రెండవది, బంధువు ఒకరు పంపిన వీడియో చూసి అడిగినది: చంద్రుని మీద అజాన్ వినిపించిందట, నిజమేనా? మొదటి ప్రశ్నకు ఏమి చెప్పాలో ఆమెకు తోచలేదు. రెండవదానికి అవునంటే పిల్లవాడి ఈమాన్ బలపడుతుంది కదా, అనవచ్చునా అని మమ్మల్ని అడిగారు.

ముందుగా రెండవ ప్రశ్నకే జవాబు చెబుతాము. ఎందుకంటే అది ఆ ఒక్క ఇంటి సమస్య కాదు.

చంద్రునిపై మొదట అడుగుపెట్టిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ అక్కడ ఏదో ధ్వని విన్నాడనీ, తరువాత ఈజిప్టులో అజాన్ విని ఇదే ఆ ధ్వని అని గుర్తుపట్టి ఇస్లాం స్వీకరించాడనీ చెప్పే కథ నలభై ఏళ్ళకు పైగా తిరుగుతోంది. ఈ కథ నిజం కాదు. 1983లోనే అమెరికా విదేశాంగ శాఖ ముస్లిం దేశాలలోని తన రాయబార కార్యాలయాలకు ఆర్మ్‌స్ట్రాంగ్ తరఫున సమాచారం పంపింది. తాను ఇస్లాం స్వీకరించలేదని, అయితే ఏ మతాన్నీ కించపరిచే ఉద్దేశం తనకు లేదని ఆయన మర్యాదగానే తెలియజేశారు. ఆయన 2012లో మరణించారు. కథ మాత్రం అప్పుడు కరపత్రాల మీద, ఇప్పుడు సెల్‌ఫోనులలో సాగుతూనే ఉంది. పైగా ధ్వని ప్రయాణించడానికి గాలి కావాలి. చంద్రుని మీద గాలి లేదు. ఈ సంగతి హైస్కూలు పాఠ్యపుస్తకంలో ఉంటుంది.

ఆ సోదరి ఆలోచించవలసినది ఇక్కడే. ఏడేళ్ళ పిల్లవాడు అమ్మీ మాటను నమ్ముతాడు. పద్నాలుగేళ్ళకు అతనే భౌతికశాస్త్రం పుస్తకం తెరుస్తాడు. అమ్మీ చెప్పిన అజాన్ కథ కట్టుకథ అని ఆనాడు తెలుస్తుంది. నమాజ్ గురించి, పరలోకం గురించి చెప్పినది కూడా ఆ అమ్మీయే. ఏది కథ, ఏది కాదు అని అతడు ఒక్కొక్క మాటనూ తూకం వేయడం మొదలుపెడితే, ఆ తక్కెడ అతని చేతికిచ్చింది ఎవరు?

హదీసు గ్రంథాలలో, బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ, ఒక సంఘటన ఉంది. దైవప్రవక్త ముహమ్మద్ (స) చిన్నారి కుమారుడు ఇబ్రాహీం పాలు తాగే వయసులోనే మరణించాడు. అదే రోజున సూర్యగ్రహణం పట్టింది. ప్రవక్త బిడ్డ మరణానికి సూర్యుడే చీకటి కమ్మాడని మదీనా ప్రజలు చెప్పుకోసాగారు. ఇంతకంటే గొప్ప మహిమ ఏముంటుంది? ఎవరూ ఆయనను అడగలేదు, ఎవరూ కాదనలేదు. ఆయన మౌనంగా ఉంటే చాలు, ఆ మాట దేశమంతా పాకేది. కానీ ఆయన గ్రహణ నమాజ్ చేయించి, ప్రజలకు స్పష్టంగా చెప్పారు: సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలలో రెండు మాత్రమేననీ, ఎవరి చావు వల్లనో పుట్టుక వల్లనో వాటికి గ్రహణం పట్టదనీ. కన్నబిడ్డను మట్టికి అప్పగించిన దుఃఖంలో ఉండి కూడా, తమ గౌరవాన్ని పెంచే ఒక పొరపాటు మాటను ఆయన ఒక్క పూట కూడా నిలవనీయలేదు. అటువంటి ప్రవక్త ఉమ్మత్‌కు ఆర్మ్‌స్ట్రాంగ్ కథ ఎందుకు?

చంద్రుడు చీలిన గుర్తు అంటూ తిరిగే ఫొటో విషయంలోనూ మా మాట ఇదే. ఆ పగులు చంద్రునిపై ఉన్న మాట వాస్తవం. దాదాపు 300 కిలోమీటర్ల పొడవున నేల కుంగి ఏర్పడిన లోయ అది, చంద్రుని చుట్టూ తిరిగిన గీత కాదు. షఖ్ఖుల్ ఖమర్‌ను మనం ఖుర్ఆన్, హదీసుల ఆధారంగా విశ్వసిస్తాము. ఆ విశ్వాసానికి అమెరికా వారి ఫొటో ఆసరా అవసరం లేదు.

ఇక అబ్బా చందమామ సంగతి.

నెలవంకలను గురించి ప్రజలు ప్రవక్త (స) వారిని అడిగిన ప్రస్తావన సూరహ్ బఖరలో ఉంది. అడిగినవారిని మందలించలేదు. అవి మనుషులకు కాలాన్ని, హజ్ సమయాన్ని తెలిపే గుర్తులని జవాబు వచ్చింది. అడిగిన పిల్లవాడిని "పెద్దయ్యాక తెలుస్తుందిలే" అని పంపివేసే మన అలవాటుకు ఆ ఆయత్‌లో ఆధారం దొరకదు.

ఆ తల్లి చేయవలసినది ఇది. రాత్రి గదిలో దీపాలన్నీ ఆర్పి ఒక్క బల్బు మాత్రం ఉంచాలి. అది సూర్యుడు. పిల్లవాడి తల భూమి. అతని చేతికి ఒక తెల్ల బంతి ఇచ్చి, చేయి చాచి తలకంటే కాస్త ఎత్తున పట్టుకోమనాలి. బంతి బల్బు వైపు ఉన్నప్పుడు దాని వెలుగు భాగం అతనికి కనిపించదు. అది అమావాస్య. ఎడమ వైపుకు మెల్లగా తిరుగుతుంటే అంచున సన్నని వెలుగు గీత పుడుతుంది. నెలవంక! ఇంకా తిరిగితే సగం, బల్బుకు వీపు పెట్టేసరికి పూర్ణచంద్రుడు. మదరసాలో మేము ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒక పిల్ల నెలవంక దగ్గర ఆగి "హజ్రత్, ఈద్!" అని అరుస్తుంది.

బంతి ఒకటే అని పిల్లవాడికి అర్థమైన తరువాత దుబాయి సంగతి చెప్పవచ్చు. దుబాయిలో మన విశాఖకంటే సుమారు రెండు గంటల తరువాత సూర్యుడు అస్తమిస్తాడు. చంద్రుడు గంటకు దాదాపు తన బింబమంత వెడల్పు చొప్పున సూర్యుని నుండి దూరం జరుగుతూ ఉంటాడు. మనకు పొద్దుగూకినప్పుడు సూర్యునికి మరీ దగ్గరగా ఉండి కనిపించని నెలవంక, ఆ రెండు గంటలలో మరికొంత ఎడంగా జరిగి అక్కడ కనిపించవచ్చు. చందమామ ఒక్కటే, చూసే వేళలు రెండు. ఒక చోటి దర్శనం మరొక చోటికి వర్తిస్తుందా అన్న ఫిఖ్హ్ చర్చ పెద్దలది, ఏడేళ్ళ వయసుకు అది అక్కరలేదు.

మన ఊరి పిల్లలు ఒక విషయంలో అదృష్టవంతులు. పున్నమి చంద్రుడు సముద్రంలో నుండి లేవడం వారు చూడగలరు. పొద్దుగూకే వేళకు రామకృష్ణా బీచికి తీసుకువెళితే చాలు. పడమట సూర్యుడు దిగుతుంటే తూర్పున చంద్రుడు లేస్తాడు, నడుమ మనం నిలబడి ఉంటాము. బల్బు, బంతి, తల అన్నీ అక్కడే ఉన్నాయి. అయితే నెలవంకను మాత్రం సముద్రం వైపు వెతకకూడదు. అది సూర్యుడు అస్తమించిన దిక్కునే, పడమటి కొండల మీదుగా కనిపించాలి. ఆ వైపున కొండలు, పరిశ్రమల పొగ ఉండబట్టి విశాఖలో చాలాసార్లు కబురు కోసం ఇతర ఊళ్ళ వైపు చూడవలసి వస్తుంది. ఈ మాట పిల్లలకు చెబితే, మసీదులో ప్రకటన ఎందుకు ఆలస్యమవుతుందో కూడా తెలుస్తుంది.

ఫిషింగ్ హార్బరు దగ్గరి పిల్లలకైతే పోటు, పాటు మనం నేర్పనక్కరలేదు. రోజుకు రెండుసార్లు నీరు పెరగడం, ఏ రోజుకారోజు ఆ వేళ ముప్పావు గంటకు పైగా వెనక్కి జరగడం, అమావాస్యకు, పున్నమికి పోటు ఎక్కువ కావడం వారికి తెలుసు. చంద్రుడు కూడా రోజూ దాదాపు అంతే ఆలస్యంగా ఉదయిస్తాడని మనం కలిపి చెబితే సరిపోతుంది. మిగిలినది వారే అల్లుకుంటారు.

భూమి గుండ్రమని చెప్పడానికీ ఓడరేవే బడి. రేవు బయట లంగరు వేసి నిరీక్షించే ఓడలలో దూరపు వాటిని చూపండి. ఒడ్డున నిలబడిన మనిషి చూపు నీటి మట్టం మీద నాలుగైదు కిలోమీటర్ల వరకే ఆనుతుంది. ఆ అవతలి ఓడకు పైభాగం కనిపిస్తుంది, అడుగుభాగం నీటి గుబ్బ వెనుక దాగుతుంది. అదే ఓడను కైలాసగిరి మీది నుండి చూపండి. వంద మీటర్ల ఎత్తు నుండి చూపు 35 కిలోమీటర్లు దాటుతుంది కాబట్టి ఓడ మొత్తం కనిపిస్తుంది. పదకొండవ శతాబ్దంలో అల్ బైరూనీ ఇటువంటి ఆలోచనతోనే, నేటి పాకిస్తాన్ పంజాబులోని నందనా కోట వద్ద, ఒక కొండ ఎత్తునూ, దాని మీది నుండి చూస్తే నేల అంచు ఎంత కిందికి వాలి కనిపిస్తుందో ఆ కోణాన్నీ కొలిచి భూమి పరిమాణాన్ని లెక్కకట్టాడు. అతని పేరు చంద్రునిపై ఒక బిలానికి పెట్టారు. ఇబ్నుల్ హైసమ్, అల్ బత్తానీ, ఉలుగ్ బేగ్‌ల పేర్లతోనూ బిలాలున్నాయి. పిల్లలకు గర్వపడే సంగతి కావాలంటే ఇది చెప్పండి, ఇది నిజం కూడా.

మేము చదువుకున్న దర్సె నిజామీలో "తష్రీహుల్ అఫ్లాక్" అనే చిన్న ఖగోళ గ్రంథం ఉండేది. దాని లెక్క ప్రకారం భూమి నడుమ కదలక ఉంటుంది, ఆకాశాలు ఉల్లిపొరలలాగా దాని చుట్టూ తిరుగుతాయి. అది గ్రీకుల నుండి వచ్చిన శాస్త్రం, ధర్మం కాదు. కొందరు ఉస్తాదులు నేటికీ ఆ రెంటినీ కలిపివేసి, అంతరిక్షం మాట ఎత్తితే ముఖం చిట్లిస్తారు. అంతరిక్షాన్ని చదవడం తెలుగునేలకు కొత్త కాదు. ఇదే విశాఖలో గోడే వెంకట జగ్గారావు గారు 1840లో వేధశాల నెలకొల్పారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు గారు 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబాన్ని దాటడం గమనించారు. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో సొంత ధనంతో మొదలుపెట్టినదే నిజామియా వేధశాల.

పిల్లల బొమ్మలలో భూమి, చంద్రుడు పక్కపక్కనే ఉంటారు. పాఠ్యపుస్తకాల బొమ్మలలోనూ అంతే. ఒకసారి ఇంటి ముందు కొలిచి చూపండి. ఫుట్‌బాల్ భూమి అనుకుంటే చంద్రుడు చిన్న బత్తాయి అంత. దానిని ఎక్కడ పెట్టాలి? ఇరవై రెండు అడుగుల దూరంలో! 2025 జూన్‌లో శుభాంశు శుక్లా వెళ్ళిన అంతరిక్ష కేంద్రం ఆ ఫుట్‌బాల్‌కు ఏడు మిల్లీమీటర్ల ఎత్తున, చిటికెన వేలు మందం కూడా లేనంత దగ్గరలో తిరుగుతోంది. చంద్రయాన్ 3 ఆ ఇరవై రెండు అడుగులూ దాటింది. శ్రీహరికోట నుండి 2023 జూలై 14న, శుక్రవారం జుమా నమాజ్ ముగిసిన కొద్దిసేపటికి, మధ్యాహ్నం 2.35 గంటలకు బయలుదేరింది. ఆగస్టు 23 సాయంత్రం 6.04కు, మగ్రిబ్‌కు కాస్త ముందుగా, చంద్రుని దక్షిణ ధ్రువానికి చేరువలో దిగింది. నలభై రోజులు ఎందుకని పిల్లలు అడుగుతారు, అపోలో నాలుగు రోజులలో చేరింది కదా అంటారు. మన రాకెట్టు చిన్నది. ఉయ్యాలను ఒక్కొక్క ఊపుకు ఇంకాస్త పైకి పంపినట్లు, భూమి చుట్టూ తిప్పుతూ దారిని కొంచెం కొంచెం సాగదీసి చంద్రుని వైపు పంపారు. 2019లో చంద్రయాన్ 2 ల్యాండర్ కూలిపోయిన మాట కూడా దాచవద్దు. నాలుగేళ్ళు లోపాలు వెతికి మళ్ళీ వెళ్ళారన్నది పిల్లలకు ఎంతో ఇష్టమైన భాగం.

ఇటువంటి పాఠం చెప్పినప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. అంతరిక్ష కేంద్రం గంటన్నరకు ఒకసారి భూమిని చుట్టివస్తుంది, రోజుకు పదహారు సూర్యోదయాలు. అయితే హజ్రత్, ఎనభై నమాజులా? 1985 జూన్‌లో సౌదీ యువరాజు సుల్తాన్ బిన్ సల్మాన్ అంతరిక్షానికి వెళ్ళినప్పుడు రమజాన్ చివరి దినాలు. 2007 అక్టోబరులో మలేషియా వైద్యుడు షేఖ్ ముస్జఫర్ అంతరిక్ష కేంద్రానికి వెళ్ళినప్పుడూ రమజానే. ఆ ప్రయాణానికి ముందు మలేషియా ఉలమాలు కూర్చుని నియమాలు రాశారు. రోజుకు ఐదు నమాజులే, వేళలు బయలుదేరిన ఊరి గడియారం ప్రకారం. వీలైతే కాబా వైపు, లేదా కాబా పైనున్న ఆకాశం వైపు, కాదంటే భూమి వైపు, అదీ కాదంటే ఎటు వీలైతే అటు. నిలబడలేకపోతే శక్తి మేరకు.

ఈ జవాబు విని ఊరుకోరు. తేలిపోతూ సజ్దా ఎలా చేస్తారని అడుగుతారు, చేసి చూపిస్తామని చాప మీద గాలిలో ఈదినట్లు పడుకుంటారు. కాసేపు పడుకోనివ్వండి. గాజువాక సోదరీ, వచ్చే నెల ఇరవై తొమ్మిదవ సాయంత్రం మీ అబ్బాయిని మేడ మీదికి తీసుకువెళ్ళి పడమటికి తిప్పి నిలబెట్టండి. దుబాయిలో పొద్దుగూకే వేళకు అబ్బాకు ఫోను చేసి, అక్కడ కనిపించిందేమో అతనినే అడగమనండి.