మాట్లాడితేనే మాట వస్తుంది

పిల్లలూ, బదిలీ మీద ఢిల్లీలో ఉన్నప్పుడు మేము ఒక కళాశాలలో సాయంత్రం స్పానిష్ తరగతికి వెళ్లేవాళ్లం. మొదటి ఏడు వ్యాకరణం బాగానే వచ్చింది, మార్కులూ వచ్చాయి. రెండో ఏడు సంభాషణ మొదలయ్యేసరికి నోరు పెగల్లేదు. తప్పు వస్తుందేమోనని భయం!

ప్రతి వాక్యాన్నీ ముందు ఇంగ్లీషులో కట్టుకుని, ఆనక స్పానిష్‌లోకి మార్చేవాళ్లం. తెలుగుతో పోల్చి చూశాక దారి దొరికింది. ‘మె గుస్తా ఎల్ కఫే’ అంటే ‘నాకు కాఫీ ఇష్టం’. మన ‘నువ్వు, మీరు’ లాగే అక్కడ ‘తూ, ఉస్తేద్’ ఉన్నాయి. ‘వచ్చాను’ అంటే చాలు, ‘నేను’ అనక్కర్లేదు కదా! అక్కడా అంతే.

మమ్మల్ని గట్టెక్కించినవి మరో రెండు మాటలు. ‘కోమో సె దీసె?’ అంటే ‘ఎలా అంటారు?’ అని. ‘ఓత్రా వేస్’ అంటే ‘ఇంకోసారి’ అని. ఇలా అడగడం వస్తే సంభాషణ ఆగదు.

అందుకే మా అభిప్రాయం ఇది: భాషా తరగతిలో సగం సమయం పిల్లల మాటలకే ఇవ్వాలి. టీచర్లం మధ్యలో అడ్డుపడకుండా, చెప్పడం పూర్తయ్యాకే తప్పులు దిద్దాలి.

మీకు కొన్నేళ్లకో ఊరు, ఊరికో భాష. చివరికి ఫోన్లో అమ్మమ్మతో తెలుగు మాట్లాడాలన్నా బెరుకే. ‘దీన్ని ఏమంటారు అమ్మమ్మా?’ అని అడగండి. ఆవిడ నవ్వినా సరే, ఫోన్ మాత్రం అమ్మకి ఇచ్చేయకండి.