రాయికి నంబరు, ఇంటికి గునపం

వేసవి వస్తే చాలు, నా ఫోన్‌కి సంగమేశ్వరం వీడియోలు రావడం మొదలవుతుంది. శ్రీశైలం జలాశయంలో నీళ్లు తగ్గుతాయి, గుడి శిఖరం బయటపడుతుంది, ఒక డ్రోన్ పైకి లేస్తుంది. వెనకాల ఢమరుకం. "ఏడు నదులు కలిసే చోటు, వేపమొద్దే శివలింగం, ఏడాదిలో కొన్ని నెలలే దర్శనం" అని ఒక గొంతు. నందికొట్కూరు నుంచి బెంగళూరుకీ హైదరాబాదుకీ చేరిన మావాళ్లంతా ఇవే పంపించుకుంటారు. నేనూ పంపినవాణ్నే.

గుడి ఉందంటే దాని పక్కన ఊరు ఉండాలి కదా. ఆ ఊరేమైందని ఏ గొంతూ అడగదు.

మా అవ్వది కృష్ణ ఒడ్డున అట్లా మునిగిన ఊళ్లలో ఒకటి. ఒకసారి ఆమెకు ఈ వీడియో చూపించాను. కళ్లు చికిలించి రెండుసార్లు చూసింది. "గుడి సరే అబ్బీ, మన ఇల్లు యాడుందో చూపిచ్చు" అనింది. నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం ఆ జవాబు లేకపోవడం గురించి.

ముందు జరిగింది చెప్పుకుందాం. శ్రీశైలం డ్యామ్ కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు మునిగాయి. లక్షకు పైగా జనం లేచిపోయారు. గుళ్ల సంగతి ప్రభుత్వం బాగానే చూసుకుంది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి, నంబర్లు వేసి, అలంపురం తెచ్చి మళ్లీ నిలబెట్టారు. రూపాల సంగమేశ్వరాలయం కర్నూలు పక్కన జగన్నాథగట్టు మీదికి ఎక్కింది. గొప్ప పనే. చాళుక్యుల నాటి గుళ్లను నీళ్లకు వదిలేసి ఉండాల్సిందని ఎవరంటారు? నేననను.

మరి ఇళ్లు? 1981 వేసవిలో జనాన్ని బలవంతంగా ఖాళీ చేయించి, మళ్లీ వచ్చి చేరకుండా ఇళ్లు కూలగొట్టారు. దూలాలు, తలుపులు ఎవరివి వాళ్లు ఊడబెరుక్కుని బండ్ల మీద వేసుకున్నారు. పరిహారం కాగితాల్లో ఇల్లంటే ఒక ధర. దాని బొమ్మ గీసినవాడు లేడు, కొలిచి రాసినవాడు లేడు. నంబరు వేయడం చేతకాక కాదు. దేనికి వేయాలో ముందే తేల్చుకున్నారు: దేవుడికి, రాజుకి.

అవ్వ చెప్పే ఇల్లు మట్టి మిద్దె. మోకాలెత్తు అరుగు, లోపల పడసాల, పైన వెలుతురుకి గవాచి, పక్కన గాడిపాడు. వీధిలో జొన్నల పాతర. మూల మీద పీర్ల చావిడి. గోడ ఎంత మందం ఉంటే ఎండాకాలం లోపల పడుకోవచ్చో, మిద్దె మీద చౌడు ఎంత మందాన పరిస్తే వాన దిగదో ఆ ఊరి కట్టుబడి వాళ్లకు తెలుసు. అది కూడా వాస్తు శిల్పమే. దాని మీద మనకు ఒక్క వ్యాసం లేదు, ఎందుకంటే దాని మీద శాసనం లేదు.

సాహిత్యం చదివే మనం ఇంతకంటే నయమా? సీమ అనగానే మన బుర్రలో మూడే బొమ్మలు: కరువు, కొడవలి, సినిమా ఫైటుకి కొండారెడ్డి బురుజు. సీమ కథ బాగుందని మనం రాసే సమీక్షల్లో "కరువు జీవితం" అనే మాట ఉంటుంది, ఆ జీవితం ఏ కప్పు కింద గడిచిందో ఉండదు.

దీనికి పెద్ద ఉదాహరణ మా ఊరి ముందే పారుతోంది. కేసీ కెనాల్. మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ 1863లో మొదలుపెట్టి 1870 నాటికి పూర్తి చేసింది. సుంకేసుల నుంచి కడప దాకా 300 కిలోమీటర్ల పైచిలుకు. పారుదలకే కాదు, పడవలు నడపడానికీ లాకులు కట్టారు. నష్టాల్లో పడ్డాక 1882లో ప్రభుత్వం కొనేసింది. పేరులోనే బంగ్లా ఉన్న జూపాడు బంగ్లా మీదుగా బస్సులో వందసార్లు పోయినవాణ్ని. ఆ బంగ్లా ఏదని ఒక్కసారి కూడా అడగలేదు. 2020లో అంతర్జాతీయ సంస్థ ఐసీఐడీ ఈ కాలవని, కంభం చెరువుని, పోరుమామిళ్ల చెరువుని ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాలుగా గుర్తించింది. ఆ వార్త మా క్లాస్‌మేట్స్ గ్రూపులో ఎవరూ వేయలేదు. డ్రోన్ వీడియో మాత్రం ఆ ఏడూ వచ్చింది.

కొన్నేళ్ల కింద ఆన్‌సైట్ పని మీద అమెరికాలో అయోవా రాష్ట్రం, డెమోయిన్‌లో ఉన్నాను. పక్కనే మాడిసన్ కౌంటీ. జనాభాలో మన మండలమంత కూడా ఉండదు. అక్కడ పైకప్పు వేసిన చెక్క వంతెనలు ఒకప్పుడు 19 ఉండేవి, ఇప్పుడు 6. రోజ్‌మన్ వంతెన 1883లో కట్టింది, అంటే మా కాలవ కంటే చిన్నది. నవలా సినిమా వచ్చి పేరు తేవడానికి చాలా ముందే, 1976లో, దాన్ని జాతీయ చారిత్రక స్థలాల రిజిస్టర్‌లో ఎక్కించారు. రైతు బండ్లు తోలుకుపోయిన చెక్క వంతెన అది! మన దగ్గర 1958 చట్టం ప్రకారం కూడా వందేళ్లు నిండిన కట్టడాన్ని రక్షించవచ్చు. చట్టం అడ్డం రావడం లేదు.

అట్లని అమెరికాని చూసి నేర్చుకోండి అని చెప్పను. అక్కడ నేను చదివిన బోర్డులన్నీ మొదట వచ్చి స్థిరపడిన తెల్లవాడి పేరుతో మొదలయ్యాయి. 1842 ఒప్పందంతో ఆ నేల వదిలిపోవాల్సి వచ్చిన సాక్, మెస్క్వాకీ ప్రజలు ఆ బోర్డుల్లో కనిపించలేదు. స్థానిక చరిత్ర రాసినంత మాత్రాన న్యాయం జరిగిపోదు. ఎవరి గడప నుంచి మొదలుపెడతామన్నది అసలు ప్రశ్న.

పనిచేసినవాళ్లను లెక్కలోకి తీసుకోవడం మనకు కొత్త కూడా కాదు. 1369 నాటి పోరుమామిళ్ల శాసనం ఆ చెరువు కట్టడానికి వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు పట్టాయని చెబుతుంది. పేర్లు లేవు, నిజమే. కానీ కట్టించిన రాజకుమారుడి పొగడ్త పక్కనే బండ్ల లెక్క కూడా రాయి మీదికెక్కింది.

"నీళ్లు వద్దా మరి? పోతిరెడ్డిపాడు వద్దా, మల్యాల పంపులు వద్దా?" అంటారు. కావాలి. సీమవాడికి నీళ్ల విలువ ఎవరూ చెప్పక్కర్లేదు. డ్యామ్ కట్టడం వేరు, మునిగినదాన్ని అసలు లేనట్టు చేయడం వేరు. మొదటిదానికి ఒప్పుకుంటే రెండోదానికి ఒప్పుకున్నట్టు కాదు.

"ఇదంతా జ్ఞాపకాల మోజు" అనేవాళ్లకు ఇంకో మాట. 1986లో 98వ నంబరు జీవో వచ్చింది, ముంపు కుటుంబానికి ఒక ఉద్యోగం అని. మా ఊళ్లకు దక్కిన నంబరు అదొక్కటే. దాని కోసం జనం దశాబ్దాల పాటు ఆఫీసుల చుట్టూ తిరిగారు, జుట్టు నెరిసింది. ఆ ఆఫీసుల్లో అడిగేది ఒకటే: నీ ఇల్లు అక్కడ ఉండేదని రుజువేది? ఇల్లు నీళ్ల కింద ఉంది సార్, అంటే చెల్లదు. ఊరి చరిత్ర రాసి ఉండటం అంటే ఇదీ. మోజు కాదు, కాగితం.

అవ్వ పోకముందు రెండు సెలవులు కూర్చుని ఆమె చెప్పినవన్నీ ఒక స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించాను. ఎవరి ఇల్లు, ఏ దిక్కు వాకిలి, ఎన్ని దూలాలు, బావి ఎవరిది. పదిహేడు ఇళ్లు వచ్చాయి. నాకు గర్వమేసింది. తర్వాత దళితవాడ సంగతి అడిగాను.

"ఆ పక్క మేం పోయిందే లేదు కదా నాయనా" అనింది.

నలభై ఏళ్లు ఒకే ఊళ్లో ఉన్న మనిషి. గుడికి నంబరు వేసి ఇంటికి వేయని ప్రభుత్వాన్ని పేజీల కొద్దీ తిడుతున్నాను గానీ, మా అవ్వ షీట్‌లో కూడా ఊరు సగమే ఉంది. ఆ వరసలు ఖాళీగానే ఉంచాను, తీసేయలేదు. అవి నింపాల్సింది నేను కాదు. 1981లో ఇరవై ఏళ్లున్న మనుషులు ఆ వాడల్లో పుట్టినవాళ్లు నందికొట్కూరులో, ఆత్మకూరులో, పునరావాస కాలనీల్లో ఇంకా ఉన్నారు, అరవై దాటి. మీ ఇంట్లో అట్లాంటి మనిషి ఒకరుంటే, ఈ వేసవి ఆ వీడియో వచ్చినప్పుడు ఫోన్ పక్కన పెట్టి అడగండి. వాకిలి ఏ దిక్కుకి ఉండేది, బావికి ఏ దారిన పోయేవాళ్లు, ఏ దారిన పోనిచ్చేవాళ్లు కాదు.