కోత మానిన పిదప

పెద్దప్రేగు కేన్సరుకు శస్త్రచికిత్స జరిగి, కుట్లు విప్పి, రోగి ఇంటికి చేరగానే కుటుంబమంతా ఊపిరి పీల్చుకుంటుంది. బంధువులు పరామర్శకు వస్తారు, దువా చేసి వెళతారు. ఏడాది తిరిగేసరికి ఆసుపత్రి కాగితాలు బీరువా అడుగుకు చేరుతాయి. "అబ్బాజాన్ బాగానే ఉన్నారు కదా, మళ్లీ రక్తపరీక్ష దేనికి?" అనే మాట మొదలవుతుంది. కాని ఈ వ్యాధి తిరగబెట్టినప్పుడు, ఎక్కువమందిలో అది మొదటి మూడేళ్లలోనే జరుగుతుంది. బాధ తెలియని ఆ రోజులే కనిపెట్టి ఉండవలసిన రోజులు.

ఈ కాపలాలో పాత సాక్షి సి.ఇ.ఎ. అనే ప్రోటీను. 1965లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ దీనిని గుర్తించారు. గర్భస్థ శిశువు ప్రేగులలో ఉండి, పుట్టుకనాటికి తగ్గిపోయే ఈ పదార్థం కేన్సరు కణితిలో మరల తయారవుతుంది. శస్త్రచికిత్స తరువాత రెండేళ్లపాటు 3 నుండి 6 నెలలకొకసారి, ఆపై ఐదవ ఏడు ముగిసేదాకా 6 నెలలకొకసారి రక్తంలో దీనిని కొలవమని వైద్యులు సాధారణంగా చెబుతారు. ఉల్లేఖకుల బలాబలాలు తూచే విద్య నేర్చినవారికి ఈ సాక్షి బలహీనత కూడా చెప్పక తప్పదు: పొగ త్రాగేవారిలోను, కాలేయ వ్యాధిలోను ఇది పెరుగుతుంది, కొందరిలో కేన్సరు తిరిగి వచ్చినా పెరగదు. అందుకే స్కానింగు, కొలనోస్కోపీ కూడా అవసరమవుతాయి.

శరీర రక్షణ కణాలు కూడా సాక్ష్యం చెబుతాయని 2006లో పారిస్‌లో జెరోమ్ గాలోన్ బృందం చూపింది. తీసివేసిన కణితిలోను, దాని అంచులలోను టి కణాలు దట్టంగా ఉన్న రోగులలో వ్యాధి తిరగబెట్టడం తక్కువ. 2018లో 13 దేశాల రోగులపై జరిగిన పరిశీలన దీనిని బలపరిచింది. అయినా ఇది ఇంకా ప్రతిచోటా చేసే పరీక్ష కాదు.

ఇక ప్రేగులలోని సూక్ష్మజీవుల సంగతి మరింత ఆశ్చర్యకరమైనది. ఫ్యూసోబాక్టీరియం న్యూక్లియేటం అనే క్రిమి మామూలుగా నోటిలో, పంటి చిగుళ్ల వద్ద నివసిస్తుంది. అది పెద్దప్రేగు కణితులలో అధికంగా ఉన్నదని 2012లో రెండు బృందాలు వేర్వేరుగా కనుగొన్నాయి. 2017లో బోస్టన్ శాస్త్రజ్ఞులు కాలేయానికి ప్రాకిన కేన్సరులోను అదే క్రిమిని చూశారు. కణితి ప్రయాణిస్తే క్రిమి కూడా వెంట వెళ్లినదన్నమాట. మానవ కణితిని అమర్చిన ఎలుకలకు మెట్రోనిడజోల్ ఇవ్వగా పెరుగుదల మందగించింది.

ఇక్కడే నాకు భయం. విరేచనాలైతే చీటీ లేకుండా మందుల దుకాణంలో కొనే మాత్ర అదే కదా! ఎలుకల సంగతి విని రోగికి దానిని మ్రింగించడం వైద్యం కాదు. రక్షణ కణాలను మేల్కొలిపే ఇమ్యునోథెరపీ పొందుతున్నవారిలో, చికిత్స ఆరంభానికి ముందూ వెనుకా యాంటీబయోటిక్స్ వాడినవారికి ఫలితం తగ్గినట్లు 2018 నాటి ఫ్రాన్సు పరిశీలనలో కనబడింది. అది ఊపిరితిత్తుల, మూత్రపిండాల కేన్సరు వంటి వాటిలో చూసిన సంగతే అయినా జాగ్రత్త అవసరం. అత్యవసరమైతే యాంటీబయోటిక్ వాడక తప్పదు, కాని ఆ నిర్ణయం కేన్సరు వైద్యునిది.

మలంలోని క్రిములను లెక్కించి భవిష్యత్తు చెబుతామనే ప్రకటనలకు డబ్బు పోయకండి, సి.ఇ.ఎ. పరీక్షకు బదులు నిలువగల స్థాయికి ఆ విద్య ఇంకా చేరలేదు. మన గోడలమీద సహ్రీ, ఇఫ్తార్ వేళల పట్టిక అంటించుకుంటాము. దాని ప్రక్కనే తదుపరి రక్తపరీక్ష తేదీని పెద్ద అక్షరాలతో వ్రాయండి. వెళ్లేటప్పుడు పాత నివేదికలన్నీ వరుసగా తీసుకువెళ్లండి, ఎందుకంటే ఒక్క అంకె కంటె ఆ అంకె నెలనెలా ఎటు నడుస్తున్నదో వైద్యునికి ముఖ్యం.